చలికాలంలో జనం లేని బీచ్‌కి ఒక్క రోజు ప్రయాణం: రోజు ఎలా ఎంచుకోవాలి?

ఉప్పుగాలి | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా నాన్నకి 71 ఏళ్ళు. రెండేళ్ళుగా రెండు చెవులకీ వినికిడి యంత్రాలు వాడుతున్నారు. ఇంట్లో ఒక్కరితో మాట్లాడేటప్పుడు బాగానే వినిపిస్తుంది. నలుగురు చేరితే మాత్రం మాట్లాడటం మానేసి, అందరి మొహాలూ చూస్తూ నవ్వుతూ కూర్చుంటారు. ఆ నవ్వు చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

వేసవిలో ఒకసారి ఆయన్ని బీచ్‌కి తీసుకెళ్ళాం. స్పీకర్లు, బైకులు, పిల్లల అరుపులు. అరగంటకే యంత్రాలు తీసి జేబులో వేసుకున్నారు. తిరిగి వస్తుంటే "సముద్రం ఒక్కటే ఉంటే బాగుండేది" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు.

చలికాలంలో వెళ్తే జనం ఉండరు కదా అనిపించింది. పొద్దున బయల్దేరి చీకటి పడేసరికి ఇల్లు చేరాలి. కారులో రెండు గంటల దూరం. మేముండే చోట ఈ నెలల్లో మధ్యాహ్నం కూడా 8, 10 డిగ్రీలు దాటదు కాబట్టి నీళ్ళలోకి దిగే ఉద్దేశం లేదు. నడవాలి, కూర్చోవాలి, మాట్లాడుకోవాలి. మ్యాప్‌లో మూడు చోట్లు గుర్తు పెట్టుకున్నాను. మూడింటిలోనూ వెడల్పయిన ఇసుక కనిపిస్తోంది. ఏది ఎంచుకోవాలో, దేనికి జాగ్రత్త పడాలో చెప్పండి.

పోటుపాటు | శనివారం రాత్రి 9:15

ఉప్పుగాలి గారూ, మూడింట్లో ఏది అన్నది తర్వాత చూద్దాం. ముందు గంట చూసుకోండి. ఒకే బీచ్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఉంటుంది.

నీళ్ళు ఒడ్డు మీదికి ఎక్కి రావడం పోటు, వెనక్కి దిగిపోవడం పాటు. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు నుంచి పాటుకి ఆరు గంటల పైచిలుకు. మర్నాడు అదే పాటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ప్రపంచమంతా ఇలాగే ఉండదు. మెక్సికో గల్ఫ్‌లో చాలా చోట్ల రోజుకి ఒక్క పోటే. మధ్యధరా, బాల్టిక్ సముద్రాల్లో పోటుకీ పాటుకీ తేడా చాలా తక్కువ. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆ తేడా 16 మీటర్ల వరకూ ఉంటుంది. కాబట్టి మీరు వెళ్ళే చోటి పోటుపాట్ల వేళల పట్టికే చూడండి, పక్క ఊరిది వద్దు.

పున్నమికీ అమావాస్యకీ, లేదా వాటి తర్వాత ఒకటి రెండు రోజులకి, నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, బాగా పైకీ వస్తాయి. అష్టమి దగ్గర ఈ తేడా తక్కువ. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ఒక చోట పున్నమినాడు పాటు ఏ గంటకి వస్తుందో, ఆ చోట ప్రతి పున్నమికీ, ప్రతి అమావాస్యకీ ఇంచుమించు అదే గంటకి వస్తుంది. తీరంలో బతికేవాళ్ళు గడియారం చూడకుండా తిథిని బట్టి చెప్పేది ఇందుకే. పున్నమికి మధ్యాహ్నం ఒంటిగంటకి పాటు వచ్చే చోట, అష్టమికి ఒంటిగంటకి పోటు ఉంటుంది.

మీ నాన్నగారి విషయంలో ఇది మరీ ముఖ్యం. జనం లేకపోయినా సముద్రం పెద్ద చప్పుడే చేస్తుంది. ఒడ్డు ఏటవాలుగా ఉండి, పోటు మీద ఉంటే అలలు మీ ముందే విరుగుతాయి. అరిచినా వినిపించదు. ఒడ్డు చదునుగా ఉన్న చోట పాటు వేళకి అల విరిగే చోటు ఎంతో దూరం జరుగుతుంది. చప్పుడూ దాంతోపాటే వెనక్కి పోతుంది. మీకు కావలసిన నిశ్శబ్దం పాటు పట్టికలో దొరుకుతుంది.

మంద్రస్థాయి | శనివారం రాత్రి 10:05

నేను 14 ఏళ్ళుగా వినికిడి యంత్రం వాడుతున్నాను. పోటుపాటు గారు చెప్పింది అక్షరాలా నిజం. అలల హోరులో ముందు పోయేవి స, శ, ఫ లాంటి సన్నటి శబ్దాలు. అచ్చులు వినిపిస్తాయి, మాట అర్థం కాదు. ఏదో అన్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. "ఏంటి?" అని మూడుసార్లు అడగడానికి మొహమాటపడి నవ్వేసి ఊరుకుంటాం. మీ నాన్నగారి నవ్వు నాకు బాగా తెలుసు.

దీనికంటే పెద్ద శత్రువు గాలి. చెవి వెనక పెట్టుకునే యంత్రాల మైకు బయటికే ఉంటుంది. దాని మీదుగా గాలి పోతుంటే లోపల గర్జించినట్టు ఉంటుంది. నేను చేసే పనులు చెప్తాను.

పల్చటి ఊలు టోపీ చెవుల మీదికి లాక్కుంటాను. బిగుతుగా ఉంటే యంత్రం కీచుమంటుంది కాబట్టి వదులుగా ఉండాలి. ఇంటి దగ్గరే పెట్టుకుని చూడమనండి. చాలా యంత్రాల్లో గాలి రొద తగ్గించే అమరిక ఉంటుంది. అది మీ నాన్నగారి దాంట్లో ఉందో లేదో వాటిని సరిచేసే వాళ్ళని వెళ్ళే ముందే అడగండి. ఇసుక దిబ్బ వెనకో, పెద్ద బండ చాటునో కూర్చోండి. ముఖం చూస్తూ మాట్లాడండి, పెదవులు కనిపించాలి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే ఆయనకి మీ మొహం నల్లగా కనిపిస్తుంది. కాబట్టి ఎండ మీ మొహం మీద పడేలా మీరే కూర్చోండి.

గుండ్రటి జింక్ బ్యాటరీలైతే చలికి త్వరగా నీరసిస్తాయి. రెండు జతలు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. బయటి చలిలోంచి వెచ్చటి కారులోకి ఎక్కగానే యంత్రాల మీద చెమ్మ పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, తేమ పీల్చే పొట్లాలున్న డబ్బాలో కాసేపు ఉంచండి.

అడగడం మర్చిపోయాను. ఆయనకి ఏ చెవి కాస్త మెరుగు?

ఉప్పుగాలి | శనివారం రాత్రి 10:30

ఎడమ చెవి అండీ. ఇన్నాళ్ళూ కారులో డ్రైవరు పక్క సీట్లో, కుడి చెవి నా వైపు ఉండేలా కూర్చోబెడుతున్నానని మీరు అడిగాక ఇప్పుడే తట్టింది. రెండేళ్ళయింది. మనసు చివుక్కుమంది.

మంద్రస్థాయి | శనివారం రాత్రి 10:41

బాధపడకండి. మా ఇంట్లో వాళ్ళకి ఆరేళ్ళు పట్టింది.

మూడో కెరటం | ఆదివారం ఉదయం 7:20

మ్యాప్‌లో వెడల్పుగా కనిపించిందని నమ్మకండి. పైనుంచి తీసిన ఫొటో ఏ నెలదో మనకి తెలియదు. తుఫాను అలలు తగిలే తీరాల్లో చలికాలం రాగానే పెద్ద అలలు ఒడ్డు ఇసుకని కోసి లోపలికి లాక్కెళ్ళి నీటి అడుగున గట్లుగా పోస్తాయి. వేసవిలో చిన్న అలలు అదే ఇసుకని మెల్లగా తిరిగి తెచ్చి ఒడ్డున పేరుస్తాయి. వేసవిలో వంద అడుగుల ఇసుక ఉన్న చోట జనవరిలో గులకరాళ్ళూ బండలూ బయటపడి ఉండటం నేను చూశాను. నెల లోపల ఎవరైనా తీసిన ఫొటో దొరికితే చూడండి.

కొండ అంచు కింద ఉన్న బీచ్ అయితే వదిలేయండి. వాన నానిన మట్టి ఎప్పుడు జారుతుందో చెప్పలేం. రెండు రాతి కొనల మధ్య ఇరుకుగా ఉన్నదైనా వద్దు. ఫొటోకి అందంగా ఉంటుంది. పోటు వస్తే రెండు వైపులా దారి మూసుకుపోతుంది.

సముద్రం కనపడగానే కిందికి దిగకండి. ఎత్తు మీద నిలబడి ఇరవై నిమిషాలు ఊరికే చూడండి. అలలు ఒకే కొలతలో రావు, గుంపులుగా వస్తాయి. పదిహేను నిమిషాలు చిన్నవి వచ్చి, ఆ తర్వాత వచ్చే నాలుగైదు పెద్దవి అంతవరకూ పొడిగా ఉన్న ఇసుకంతా తడిపేస్తాయి. అమెరికాలోని ఆరెగాన్, ఉత్తర కాలిఫోర్నియా తీరాల్లో వీటి గురించి వాతావరణ శాఖ ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తుంది. ఒడ్డున పడి ఉన్న దుంగల మీద ఎక్కవద్దని కూడా చెబుతుంది. ఎందుకంటే మోకాలి లోతు నీరు కూడా టన్నుల బరువున్న దుంగని లేపి దొర్లించగలదు.

బాట తప్పినవాడు | ఆదివారం ఉదయం 9:02

అందరూ ఆమెని భయపెడుతున్నారు. నీళ్ళలోకి దిగం అని మొదటే రాశారు. నేను ఇరవై ఏళ్ళుగా చలికాలంలోనే బీచ్‌లకి వెళ్తున్నాను, ఒక్క పట్టికా చూడలేదు. గాలి లేని రోజు, ఎండ ఉన్న రోజు చూసుకుని బయల్దేరితే చాలు. మరీ ఎక్కువ ఆలోచిస్తే ప్రయాణం మీద ఇష్టమే పోతుంది. పెద్దాయన సంతోషం ముఖ్యం.

మూడో కెరటం | ఆదివారం ఉదయం 9:40

మీ అనుభవాన్ని కాదనను. కానీ గాలి లేని రోజుకీ చిన్న అలలకీ సంబంధం లేదు. మీ ముందున్న అల ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫానులో పుట్టి ఉండొచ్చు. 1963లో వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త బృందం అంటార్కిటికా వైపు తుఫానుల్లో పుట్టిన అలలని పసిఫిక్ మహాసముద్రం పొడవునా, ఒక్కో చోట కొలుచుకుంటూ, అలాస్కా దాకా వెంబడించింది. ఆకాశం నిర్మలంగా, ఆకు కదలకుండా ఉన్న రోజునే పెద్ద కెరటాలు రావొచ్చు. గాలి సూచనతోపాటు అల ఎత్తు, రెండు అలల మధ్య వ్యవధి కూడా చూడాలి. ఆ వ్యవధి 12 సెకన్లు దాటితే నేను తడి ఇసుక దగ్గరికి కూడా వెళ్ళను.

పోటుపాటు | ఆదివారం ఉదయం 10:10

బాట తప్పినవాడు గారూ, మీ మాటలో ఒకటి నిజం. మనం ఆమె ఉత్సాహం చంపకూడదు. అయినా "నీళ్ళలోకి దిగం" అనుకున్న వాళ్ళ దగ్గరికి నీళ్ళే వస్తాయి. 2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇంగ్లండ్‌లోని మోర్‌కమ్ అఖాతంలో ఇసుక మేటల మీద చిప్పలు ఏరుతున్న కూలీలని పోటు చుట్టుముట్టింది. కనీసం 21 మంది చనిపోయారు. వాళ్ళెవరూ ఈతకి వెళ్ళినవాళ్ళు కాదు.

చదును ఇసుక మీద నీళ్ళు ఎప్పుడూ ఎదురుగానే రావు. ఇసుకలో సన్నటి పల్లాలుంటాయి. పోటు మొదలయ్యాక ముందు నిండేవి అవే. చాలాసార్లు అవి మన వెనకే ఉంటాయి. మనం సముద్రం వైపు చూస్తూ నిలబడితే ఒడ్డుకీ మనకీ మధ్య కాలువ తయారవుతుంది. పైగా పోటు వేగం ఒకేలా ఉండదు. ఆరు గంటల్లో వచ్చే నీటిని పన్నెండు పాళ్ళు అనుకుంటే మొదటి గంటలో ఒక పాలు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, చివరికి ఒకటి. మొదటి గంట చూసి "ఇంకా టైముందిలే" అనుకుంటాం. మోసం అక్కడే ఉంది. చెవులు సరిగ్గా వినపడే మనిషికి వెనక నీటి చప్పుడైనా తెలుస్తుంది. వాళ్ళ నాన్నగారికి అది తెలియదు.

బాట తప్పినవాడు | ఆదివారం ఉదయం 10:32

ఆ చివరి మాట నేను ఆలోచించలేదు. నిజమే. నేనెప్పుడూ ఒక్కడినే వెళ్ళాను, నా చెవులే నాకు కాపలా. ఉప్పుగాలి గారూ, పట్టిక చూసే వెళ్ళండి.

గవ్వల సంచి | ఆదివారం సాయంత్రం 6:15

ప్రమాదాలు చాలా వచ్చాయి కాబట్టి నేను చూడదగ్గవి చెప్తాను. చలికాలం బీచ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పోటు గీత. పోటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అక్కడ నాచు, పుల్లలు, చిప్పలు, ఈకలు ఒక దండలా మిగిలిపోతాయి. తుఫాను వెళ్ళిన రెండు మూడు రోజులకి చూడాలి. వేసవిలో కనిపించని లోతు చిప్పలు పైకి వస్తాయి. పెద్దవాళ్ళకి ఇది మంచి వ్యాపకం. ఏరుతూ ఉంటే మాట దానంతటదే వస్తుంది.

కొన్ని మాత్రం ముట్టుకోవద్దు. నీలం రంగు గాలి బుడగలా, కింద దారాలతో పడి ఉండే జీవి కనిపిస్తే దూరంగా ఉండండి. చచ్చి ఎండినట్టు కనిపించినా రోజుల తరబడి కుడుతుంది. శంఖం బరువుగా అనిపిస్తే తిప్పి చూసి, లోపల పీత ఉంటే అక్కడే పెట్టేయండి. బాల్టిక్ తీరం వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. అక్కడ చలికాలం తుఫానుల తర్వాత కొట్టుకొచ్చే అంబర్ (రాయిలా గట్టిపడిన పురాతన చెట్ల జిగురు) కోసం వెతుకుతారు. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల్లోంచి వచ్చిన తెల్ల భాస్వరం ముక్కలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. తడి ఆరగానే జేబులోనే అంటుకుంటాయి. ఏది ఏరినా జేబులో కాకుండా డబ్బాలో వేసుకునే అలవాటు చేసుకోవడం మంచిది.

అలల అంచున తెల్లటి నురుగు గుట్టలుగా కనిపిస్తే కంగారు పడకండి. నాచు, సూక్ష్మజీవులు కుళ్ళి నీళ్ళలో కలిసిన పదార్థాలని కెరటాలు చిలికితే అది తయారవుతుంది. మురుగు కాలువ దగ్గరలో లేకపోతే చాలావరకు హానిలేనిదే.

పక్షుల గురించి ఒక విన్నపం. చలికాలంలో బీచ్ మనకి ఖాళీగా కనిపిస్తుంది కానీ వాటికి అదే రద్దీ కాలం. అల వెనక్కి పోగానే దాని వెంట పరిగెత్తి, అల రాగానే వెనక్కి పరిగెత్తే చిన్న తెల్లటి పిట్టలు చాలా తీరాల్లో కనిపిస్తాయి. శాండర్లింగ్‌లు. అవి గుడ్లు పెట్టేది ఆర్కిటిక్‌లో, చలికాలం గడిపేది ఈ ఇసుక మీద. 2022 అక్టోబరులో ఐదు నెలల వయసున్న ఒక గాడ్‌విట్ పక్షి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 11 రోజులు ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. అలాంటి ప్రయాణాలు చేసే జాతులు ఒడ్డున తింటున్నప్పుడు వాటిని సరదాకి పరిగెత్తించి ఎగరగొడితే, కష్టపడి కూడబెట్టుకున్న బలం వృథా అవుతుంది. గుంపు తలలెత్తి చూస్తే అక్కడే ఆగిపోండి.

ఇసుక గడియారం | ఆదివారం రాత్రి 9:50

నాన్నగారి నడక గురించి ఎవరూ చెప్పలేదు. పొడి మెత్తటి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెండు రెట్లకు పైగా శక్తి కావాలి. అంటే అర కిలోమీటరు నడిస్తే ఒక కిలోమీటరు పైనే నడిచినట్టు లెక్క. పాటు వేళ బయటపడే తడి గట్టి ఇసుక మీద నడిపించండి. కారు ఆపిన చోటు నుంచి ఆ ఇసుక దాకా ఎంత దూరమో దాన్ని బట్టి మీ మూడు చోట్లలో ఒకటి ఎంచుకోండి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలి వీపున ఉండేలా నడవండి. అలసిపోయాక చలిగాలి మొహాన కొడితే పెద్దవాళ్ళు తట్టుకోలేరు. 5 డిగ్రీల చలిలో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి సున్నా డిగ్రీల్లా అనిపిస్తుంది. కూర్చోవడానికి మందపాటి చాప, ఫ్లాస్క్‌లో వేడి నీళ్ళు, ఇంకో జత సాక్సులు తీసుకెళ్ళండి. కాళ్ళు తడిస్తే అక్కడితో ఆ రోజు అయిపోయినట్టే.

వెలుతురు కూడా లెక్కపెట్టుకోండి. ఉత్తరార్ధగోళంలో అన్నిటికంటే తొందరగా పొద్దుగుంకేది డిసెంబరు 21న కాదు, అంతకు ముందే. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు మొదటి వారం చివర్లో. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఇంకా ముందు. పొద్దుగుంకడానికి గంట ముందే కారులో ఉండేలా చూసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. జనం లేని చోట సిగ్నల్ కూడా ఉండకపోవచ్చు.

ఉప్పుగాలి | సోమవారం రాత్రి 8:00

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మొత్తం కాగితం మీద రాసుకున్నాను. మూడింట్లో ఒకటి కొండ కింద ఉంది, తీసేశాను. ఇంకోదానికి కారు నుంచి చాలా దూరం మెత్తటి ఇసుకలో నడవాలి, అదీ తీసేశాను. మిగిలిన చోట పున్నమినాడు పాటు మధ్యాహ్నం 12:40కి. ఆ రోజు మంగళవారం, సెలవు పెట్టాను. ఒక్కటే అనుమానం. పున్నమికి పోటు పెద్దది కదా, ఫరవాలేదా?

పోటుపాటు | సోమవారం రాత్రి 8:25

ఫరవాలేదు, గంటకి కట్టుబడితే. పాటు దిగుతుండగా, పదిన్నర పదకొండుకి ఇసుక మీదికి వెళ్ళండి. దిగే నీటితోపాటు ముందుకి నడవండి. 12:40కి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. ఇంకొంచెం చూద్దాం అనిపించినా సరే. ఒంటిగంటన్నరకల్లా పోటు గీతకి పైన, పొడి ఇసుకలో ఉండాలి. దాటిన ప్రతి పల్లాన్నీ గుర్తు పెట్టుకోండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, దాని మోత కాకుండా వణుకు మీకు తెలిసేలా లోపలి జేబులో ఉంచండి.

ఉప్పుగాలి | బుధవారం రాత్రి 9:30 (వారం తర్వాత)

నిన్న వెళ్ళొచ్చాం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పదీ ఇరవైకి చేరాం. కారులో ఇంకెవరూ లేరు కాబట్టి ఆయన్ని వెనక సీట్లో, ఎడమ చెవి మధ్యకి వచ్చేలా కుడి పక్కన కూర్చోబెట్టాను. వాహనాలు లేని రోడ్డు మీద మెల్లగా నడిపాను. దారిలోనే మూడుసార్లు ఆయనే మాట మొదలుపెట్టారు.

ఎత్తు మీద ఆగి ఇరవై నిమిషాలు చూశాం. చలికి చేతులు కొంకర్లు పోయాయి. కనుచూపు మేర మనిషి లేడు. ఒడ్డున చాలా దూరంలో కుక్కతో ఒకాయన, అంతే. మూడో కెరటం గారు చెప్పినట్టు, పదమూడు నిమిషాలకి ఒక పెద్ద గుంపు వచ్చి, నేను నిలబడదామనుకున్న చోటంతా తడిపి పోయింది. నాన్న నా వైపు చూసి తలూపారు.

గాలి మొదట ఇబ్బంది పెట్టింది. టోపీ పెట్టుకున్నా రొద ఉందన్నారు. యంత్రాలు తీసేస్తారేమో అని గుండె జారింది. అప్పుడు దిబ్బ చాటుకి తీసుకెళ్ళి, ఎండ నా మొహం మీద పడేలా కూర్చున్నాను. ఒక్కసారిగా గాలి ఆగిపోయింది. అలలు ఎక్కడో దూరంగా, గుసగుసలా ఉన్నాయి. ఆయన చాలాసేపు కదల్లేదు. తర్వాత "ఇసుక రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది" అన్నారు. దిబ్బ అంచు నుంచి గడ్డి మీదుగా ఇసుక జారుతోంది. నాకు వినపడలేదు, చెప్పాక విన్నాను.

తర్వాత తడి ఇసుక మీద నడిచాం. గట్టిగా, చదునుగా ఉంది. చేయి పట్టుకోనివ్వలేదు. రెండు పల్లాలు దాటాం. రెండూ చీలమండ కూడా తడవనంత పల్చగా ఉన్నాయి. 12:40కి అలారం వణికింది. నేను ఫోన్ తీసేలోపే నాన్న "వెళ్దాం, అవి వెనక్కి వస్తున్నాయి" అన్నారు. నీటి అంచున తింటున్న పిట్టల గుంపు అప్పటిదాకా మాకు దూరంగా జరుగుతూ పోయింది, ఇప్పుడు మా వైపు జరుగుతోంది. పాటు తిరిగిందని నాకు ఫోన్ చెప్పింది, ఆయనకి పిట్టలు చెప్పాయి.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను. దారిలో ఒక పెద్ద శంఖం కనిపించి, లోపల పీత ఉందో లేదో చూస్తూ పావుగంట ఆగిపోయాను. ఒడ్డు వైపున్న పల్లం దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి, పక్కకి లాగుతున్నాయి కూడా. నాన్న నా భుజం పట్టుకున్నారు, ఇద్దరం అడ్డంగా అడుగులు వేసి దాటాం. బూట్లు నిండిపోయాయి. భయం వేసిన మాట నిజం. ఒడ్డెక్కి వెనక్కి చూస్తే పది నిమిషాల్లో ఆ పల్లం కాలువై పారుతోంది. పట్టిక చూడకుండా, మరో అరగంట ఆలస్యంగా తిరిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. అదనపు సాక్సులు పెట్టమన్న ఇసుక గడియారం గారికి దండం.

మూడు గంటలకి కారెక్కాం. యంత్రాలు తుడిచి డబ్బాలో పెట్టాను. అవి లేకుండానే ఇంటిదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు.

గవ్వల సంచి | బుధవారం రాత్రి 10:02

ఇంతకీ శంఖంలో పీత ఉందా?

ఉప్పుగాలి | బుధవారం రాత్రి 10:06

ఉంది. ఉన్నచోటే పెట్టేశాను.

పోటుపాటు | బుధవారం రాత్రి 10:20

పావుగంట సంగతి దాచకుండా రాసినందుకు సంతోషం, చదివేవాళ్ళకి అదే ఉపయోగం. ఈసారి 12:40 బదులు 12 గంటలకే తిరగండి. పిట్టలని చూసి పోటు తిరిగిందని పట్టుకున్న మనిషి మీ పక్కనే ఉన్నారు కాబట్టి అలారం పెట్టే పని ఆయనకి అప్పగించండి.

మంద్రస్థాయి | బుధవారం రాత్రి 11:15

ఇసుక రాలే చప్పుడు. నేను రెండుసార్లు చదివాను. ఆదివారం నేనూ వెళ్తున్నాను.

బాట తప్పినవాడు | గురువారం ఉదయం 6:50

నేను జీవితంలో మొదటిసారి పాటు పట్టిక తెరిచాను. ఇన్నేళ్ళూ నాకు ఇష్టమైన బీచ్‌లో కొన్నిసార్లు ప్రశాంతంగా, కొన్నిసార్లు చికాగ్గా ఎందుకు ఉండేదో ఇప్పుడు తెలిసింది. మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు?

ఉప్పుగాలి | గురువారం ఉదయం 7:30

నాన్న నిన్న గోడ మీది క్యాలెండరు తీసి చూశారు. "అమావాస్యకి కూడా పాటు ఒంటిగంట లోపే కదా, మీ తమ్ముడికి ఆ రోజు సెలవేనా?" అని అడిగారు. సెలవే. కారు తమ్ముడు నడుపుతాడు. వెనక సీట్లో నాన్న పక్కన నేను కూర్చుంటాను, ఎడమ చెవి వైపు.